ఎర్ర మచ్చతో వచ్చే పసిబిడ్డకు ఆరు వారాల్లోపే దారి చూపండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, ఆ శాఖల కార్యదర్శులకు, కుటుంబ సంక్షేమ కమిషనర్లకు; రెండు రాష్ట్రాల్లోని పిల్లల డాక్టర్లకు, చర్మవ్యాధుల డాక్టర్లకు

నమస్కారం.

కాన్పులు ఆసుపత్రుల్లో జరిగేలా చూడటానికి, ప్రతి బిడ్డకూ టీకా అందించడానికి మీ సిబ్బంది ఎంత తిరుగుతారో మాకు తెలుసు. మా పిల్లలు కూడా ఆ చేతుల మీదుగానే పెరిగారు. ఆ గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

రక్తనాళాల పుట్టుమచ్చలున్న పిల్లల గురించి మేం కొందరు తల్లిదండ్రులం కలిసి జిల్లా అధికారులకు ఒక వినతిపత్రం ఇచ్చాం. జవాబు రాకపోతే అదే కాగితాన్ని రాష్ట్ర స్థాయికి పంపాం. రసీదు నంబరు వచ్చింది. కొన్నాళ్ళకు ఫిర్యాదు పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, ఏం చేశారో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

మేం ముందుగా అడుగుతున్నది డబ్బు కాదు. సమయానికి సరైన డాక్టరు దగ్గరికి పంపమని అడుగుతున్నాం. ఎందుకో చెప్పడానికి జబ్బు గురించి కొంచెం వివరంగా రాయాలి. డాక్టర్లకు తెలిసిన విషయాలే అయినా, ఈ లేఖ చదివే తల్లిదండ్రుల్లో చాలామందికి వీటిని ఎవరూ చెప్పి ఉండరు.

రక్తనాళాల పుట్టుమచ్చలన్నీ ఒకటే జబ్బు కాదు. వాటిలో ఎక్కువగా కనిపించేది పసిపిల్లల హెమాంజియోమా, అంటే రక్తనాళాలు గుంపుగా పెరిగి ఏర్పడే ఎర్రటి గడ్డ. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాల ప్రకారం 100 మంది శిశువుల్లో నలుగురైదుగురికి ఇది వస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకముందే పుట్టినవాళ్ళలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో ఎక్కువ. ఈ లెక్కన ఏడాదికి 1000 కాన్పులు జరిగే ఒక ఏరియా ఆసుపత్రిలో పుట్టే పిల్లల్లో 40 నుంచి 50 మందికి ఉంటుంది. అంటే ఇదేమీ అరుదైన జబ్బు కాదు. వీళ్ళలో చాలామందికి ఏ మందూ అక్కర్లేదన్నది నిజం. కానీ కంటిరెప్ప మీద, పెదవి మీద, ముక్కు కొసన, గడ్డం చుట్టూ, డైపర్ కట్టే చోట, నడుము కింద వెన్ను మీద వచ్చేవాటిని, ముఖంలో ఒక భాగమంతా పరుచుకునేవాటిని అలా వదిలేయడానికి లేదు. ఒంటి మీద ఐదు, అంతకంటే ఎక్కువ ఉంటే కాలేయంలో కూడా ఉన్నాయేమో స్కాన్ చేసి చూడాలి.

ఇంకొకటి పోర్ట్ వైన్ స్టెయిన్, అంటే ద్రాక్షసారా రంగులో ఉండే ఎర్ర మచ్చ. 1000 మందిలో సుమారు ముగ్గురికి ఉంటుంది. బిడ్డ పుట్టినప్పుడే కనిపిస్తుంది, దానంతటది పోదు. సోవియట్ యూనియన్ చివరి అధ్యక్షుడు మిఖాయిల్ గోర్బచేవ్ నుదుటి మీద ప్రపంచమంతా చూసిన మచ్చ ఇదే. వయసుతో పాటు ముదురు రంగుకు తిరుగుతుంది, చాలామందిలో మందమవుతుంది, బుడిపెలు లేస్తాయి. నుదుటి మీద, పైరెప్ప మీద ఉంటే స్టర్జ్ వెబర్ సిండ్రోమ్ (మెదడు, కంటి రక్తనాళాల్లో కూడా లోపం ఉండే జబ్బు) ఉందేమో చూడాలి. అది ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఫిట్స్ వస్తాయి, చాలామందికి మొదటి ఏడాదిలోనే. కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు కూడా రావచ్చు. ఇవి కాక సిరల్లో, లింఫ్ నాళాల్లో, ధమనుల్లో పుట్టుకతో ఉండే లోపాలున్నాయి. వాటి వైద్యం పూర్తిగా వేరు.

ఇప్పుడు అసలు విషయం. హెమాంజియోమా చాలామందిలో పుట్టిన రోజున కనిపించదు, కనిపించినా గీరుకున్న గుర్తులానో, పాలిపోయిన మచ్చలానో ఉంటుంది. మన పిల్లల చామనచాయ ఒంటి మీద అది కూడా సరిగా తెలియదు. బారసాల నాటికి చిన్న ఎర్ర చుక్క. అది అన్నిటికంటే వేగంగా పెరిగేది 5 నుంచి 8 వారాల మధ్య. మూడో నెల నిండేసరికి చేరవలసిన పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరిపోతుంది. ఐదో నెలకు పెరగాల్సినంతా దాదాపు పెరిగిపోతుంది. అందుకే అమెరికాలోని పిల్లల డాక్టర్ల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రమాదం ఉన్న చోట వచ్చిన హెమాంజియోమాను బిడ్డకు నెల వయసు వచ్చేసరికే నిపుణులు చూడాలని చెప్పింది. మన దగ్గర నెల వయసు బిడ్డను తీసుకెళ్తే, ఆరు నెలలయ్యాక తీసుకురండి అంటున్నారు. ఆరు నెలలకు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

మందు లేక ఆగుతున్నామా అంటే అదీ కాదు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోతే లాబ్రెజ్ అనే డాక్టరు, ఆమె సహచరులు, గుండె సమస్య కోసం ప్రొప్రనొలాల్ ఇచ్చిన బిడ్డ ముఖం మీద హెమాంజియోమా ఒక్క రోజులోనే రంగు మారి మెత్తబడటం గమనించారు. తర్వాత వాళ్ళే 460 మంది శిశువుల మీద పరీక్ష చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలలు మందు వాడిన పిల్లల్లో 60 శాతానికి గడ్డ పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా తగ్గింది. ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళలో 4 శాతానికే తగ్గింది. ప్రొప్రనొలాల్ కొత్త మందు కాదు. 1960లలో జేమ్స్ బ్లాక్ కనిపెట్టాడు, 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన ఊళ్ళ మందుల షాపుల్లో గుండెదడకూ, మైగ్రేన్‌కూ అమ్మే చవక మాత్ర అదే. మరీ చిన్నవి, పైపైన ఉన్నవి అయితే నీటికాసులకు కంట్లో వేసే టిమొలాల్ చుక్కలను డాక్టరు చెప్పినట్టు మచ్చ మీద రాస్తే సరిపోతుంది.

ఇంత చవక మందు ఉండి, అందవలసిన వయసులో బిడ్డకు అందడం లేదు. దానివల్ల మా ఇళ్ళలో ఏం జరుగుతోందో ఇక్కడ రాస్తున్నాను.

1. చూపు పోతోంది. మా అమ్మాయి సంగతే చెబుతాను. రెండో వారంలో పైరెప్ప మీద చిన్న ఎర్ర చుక్క కనిపించింది. చూపించిన ప్రతిచోటా "అదే పోతుందమ్మా, టెన్షన్ పడకండి" అన్నారు. మూడో నెలకు రెప్ప బరువెక్కి కన్ను సగానికి పైగా మూసుకుపోయింది. ఐదో నెలలో, ఒక బంధువు చెబితే, హైదరాబాద్‌లో ఈ జబ్బు తెలిసిన డాక్టరు దగ్గరికి చేరాం. మందు మొదలుపెట్టిన వారంలోనే గడ్డ మెత్తబడింది, తర్వాత కన్ను తెరుచుకుంది. కానీ పసితనంలో మూతపడి ఉన్న కంటితో చూడటం మెదడు నేర్చుకోదు. ఇప్పుడు మా పాప రోజూ కొన్ని గంటలపాటు మంచి కంటికి ప్యాచ్ వేసుకుని, మందగించిన కంటితో అక్షరాలు దిద్దుతోంది. నెల వయసులో ఎవరైనా సరైన చోటికి పంపి ఉంటే ఈ ప్యాచ్ అవసరమయ్యేది కాదని ఆ డాక్టరుగారే చెప్పారు.

2. ఊపిరికే ముప్పు వస్తోంది. గడ్డం చుట్టూ, కింది పెదవి కింద, మెడ ముందు భాగంలో ఎర్ర మచ్చలున్న పిల్లలకు గొంతు లోపల శ్వాసనాళంలో కూడా హెమాంజియోమా ఉండవచ్చు. గాలి పీల్చినప్పుడు కీచుమని శబ్దం వస్తుంది. దాన్ని నిమ్ము అనుకుని ఇంజెక్షన్లు వేయించిన తల్లిదండ్రులు మాలో ఉన్నారు. బయటి మచ్చకూ లోపలి శబ్దానికీ సంబంధం ఉండవచ్చని ఆశా కార్యకర్తకు ఒక్కమాట తెలిసి ఉంటే ఆ బిడ్డను ఆ పూటే పెద్దాసుపత్రికి పంపేది.

3. పుండ్లు పడుతున్నాయి. పెదవి మీదా, డైపర్ చోటా ఉన్నవి చిట్లి పుండవుతాయి. పాలు తాగేటప్పుడు పెదవి మంటకు, విరేచనమైనప్పుడల్లా కింద మంటకు గుక్కపట్టి ఏడ్చే బిడ్డను ఎత్తుకుని రాత్రంతా తిరిగే తల్లికి "మచ్చే కదా" అన్న మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. పుండు మానాక మిగిలే మచ్చ ఇక పోదు.

4. నాటు వైద్యానికి వెళ్తున్నారు. ఆసుపత్రిలో దారి చూపకపోతే జనం ఊరికే కూర్చోరు. పసరు పూస్తారు, వాత పెట్టిస్తారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన స్టెరాయిడ్ ట్యూబు రాస్తారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. పెరుగుతున్న గడ్డను కళ్ళెదుట పెట్టుకుని, ఏమీ చేయకుండా ఉండమంటే ఏ తల్లీ ఉండలేదు.

5. నింద తల్లి మీద పడుతోంది. "గ్రహణం రోజు బయటికి వచ్చిందట", "కడుపుతో ఉన్నప్పుడు ఏదో చూసి భయపడిందట" అంటారు. మాలో ఒక అమ్మాయిని ఈ కారణంతోనే పుట్టింట్లో వదిలేశారు. పోర్ట్ వైన్ స్టెయిన్‌కు కారణం జీఎన్ఏక్యూ అనే జన్యువులో మార్పని 2013లో తేలింది. అది బిడ్డ కడుపులో పెరుగుతున్నప్పుడు కొన్ని కణాల్లో మాత్రమే, దానంతటది జరిగే మార్పు. తల్లి నుంచి రాదు, తండ్రి నుంచి రాదు. తిన్నదానివల్ల రాదు, గ్రహణం వల్ల రాదు. ఈ రెండు వాక్యాలు కాన్పు గది బయట అత్తమామల ముందు ఒక డాక్టరు నోటి వెంట వస్తే ఎన్నో ఇళ్ళు నిలబడతాయి.

6. అన్నీ ఒకటే అనుకుని తప్పుడు వైద్యం జరుగుతోంది. సిరల లోపానికి ప్రొప్రనొలాల్ పనిచేయదు. దానికి స్కానింగ్‌లో చూస్తూ సూదితో మందు ఎక్కించే స్క్లెరోథెరపీ, కొన్ని సందర్భాల్లో ఆపరేషన్, మరికొన్నింటికి సిరోలిమస్ లాంటి మందులు అవసరం. కాలు పొడవునా మచ్చ ఉండి, ఆ కాలు లావుగా పెరుగుతున్న బిడ్డకు "హెమాంజియోమా" అని చీటీ రాసి ఏళ్ళ తరబడి తిప్పిన సంగతులు మాకు తెలుసు. వీటిని కణితులుగా, నాళాల లోపాలుగా విడదీసి చూడాలని వైద్య శాస్త్రం 1982 నుంచి చెబుతోంది. ఆ తేడా తెలిసిన డాక్టరు ఎక్కడ కూర్చుంటారో మా జిల్లాల్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

7. లేజర్ పేరుతో పిల్లల ముఖాలు కాలుతున్నాయి. పోర్ట్ వైన్ స్టెయిన్‌కు ముందుగా వాడే చికిత్స పల్స్‌డ్ డై లేజర్, అంటే మచ్చలోని రక్తనాళాలను కాంతితో మూసేసే యంత్రం. ఒక్కసారితో అయిపోదు, విడతలు విడతలుగా చేయాలి. మన చర్మంలో ఎక్కువగా ఉండే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి చర్మాన్ని చల్లబరుస్తూ, ముందు చిన్న భాగంలో పరీక్షించి చూసి, అనుభవం ఉన్నవాళ్ళే చేయాలి. వెంట్రుకలు తీసే యంత్రంతో ఇదీ చేస్తామనే బ్యూటీ క్లినిక్‌లకు అడ్డు లేదు. బొబ్బలెక్కి, తెల్ల మచ్చలు పడి మా దగ్గరికి వచ్చి ఏడ్చిన తల్లిదండ్రులున్నారు.

8. అందానికి చేసే చికిత్స అంటూ బీమా కంపెనీలు తోసిపుచ్చుతున్నాయి. మాలో ఒకరికి "బయటికి కనిపించే పుట్టుకతో వచ్చిన లోపం" అని రాసి క్లెయిమ్ తిప్పి పంపారు. బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధనలోనే, ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉన్నప్పుడు అవసరమైన చికిత్సను అందం కోసం చేసినదిగా చూడకూడదన్న మినహాయింపు ఉంది. దాన్ని వాడుకోవడానికి చికిత్స చేస్తున్న డాక్టరు సర్టిఫికెట్ కావాలి. అది ఎలా రాయాలో చాలామంది డాక్టర్లకు తెలియదు, అడగాలని మాకు తెలియదు.

9. దూరం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, భద్రాచలం నుంచీ అంతే. మన్యంలోని కూలి కుటుంబానికి విశాఖపట్నం వెళ్ళి రావడమంటే ఇద్దరి కూలి పోవడం, మిగిలిన పిల్లలను ఎవరి దగ్గరో వదలడం. అంత దూరం వెళ్ళాక చర్మ విభాగం వాళ్ళు పిల్లల విభాగానికి, వాళ్ళు సర్జరీ విభాగానికి, వాళ్ళు కంటి ఆసుపత్రికి పంపుతారు. ఒక్కో విభాగానికి ఒక్కో వారం. చీటీల మధ్యే మూడో నెల దాటిపోతుంది.

ఇక మా కోరికలు. వీటిలో చాలావాటికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. ఉన్న వ్యవస్థలోనే చోటు ఉంది.

ఆసుపత్రిలో కాన్పైన బిడ్డ కోసం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. ఇది జాతీయ కార్యక్రమం, మన దగ్గర చాలా ఊళ్ళలో బాగానే నడుస్తోంది. హెమాంజియోమా బయటపడి, ఎదిగే రోజులు కూడా సరిగ్గా ఇవే. ఆ తర్వాత ఆమె ఇంటికి వచ్చే కార్యక్రమం మూడో నెలలో కానీ మళ్ళీ మొదలవదు. మధ్యలో 6, 10 వారాల టీకాలకు తల్లే బిడ్డను తీసుకొస్తుంది. అంటే ఈ మచ్చను గుర్తించగలిగిన మనిషి సరైన సమయంలో, సరైన ఇంట్లో, బిడ్డ ముందే కూర్చుంటోంది. ఏం చూడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ లేఖలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్క విషయం గుర్తుంచుకోమని మంత్రిగారిని వేడుకుంటున్నాను. మేం మొదట అడుగుతున్నది దాన్ని సరిచేయమనే.

1. ఆశా కార్యకర్త నింపే పసిబిడ్డ సందర్శన ఫారంలో 14వ రోజు నుంచి ఒక ప్రశ్న చేర్చండి: "ఒంటి మీద కొత్తగా ఎర్రటి, నీలం రంగు మచ్చ గానీ, గడ్డ గానీ వచ్చిందా? ఎక్కడ? పెరుగుతోందా?" ముఖం, కన్ను, పెదవి, గడ్డం, డైపర్ చోటు, నడుము కింద ఉన్నా, ఐదు, అంతకంటే ఎక్కువ ఉన్నా అదే రోజు ఏఎన్‌ఎంకు చెప్పాలి. 6 వారాల టీకా రోజున ఏఎన్‌ఎం మళ్ళీ బట్టలు విప్పి చూడాలి. బొమ్మలతో ఒక పేజీ చార్టు చాలు. నమూనా ఒకటి మేం తయారు చేసి, ఒక పిల్లల డాక్టరుగారితో సరిచేయించి, ఈ లేఖతో పాటు మీ కార్యాలయాలకు పంపుతున్నాం.

2. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ మచ్చలను చేర్చండి. 2013లో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు గుర్తించడానికి ఎంచుకున్న 30 ఆరోగ్య సమస్యల్లో పుట్టుకతో వచ్చే లోపాలు తొమ్మిది. గ్రహణమొర్రి, వంకర పాదాలు, గుండె లోపాలు, పుట్టుకతో వచ్చే శుక్లం, చెవుడు వాటిలో ఉన్నాయి. రక్తనాళాల మచ్చలు లేవు. సికిల్ సెల్, తలసేమియా లాంటివాటిని స్థానిక పరిస్థితిని బట్టి చేర్చుకునే వీలు రాష్ట్రాలకు ఆ కార్యక్రమంలోనే ఇచ్చారు. గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డను ఇవాళ ఏ ఊళ్ళోనైనా ఎక్కడికి పంపాలో తెలుసు, ఆపరేషన్ ఉచితంగా జరుగుతుంది. అలాంటి దారే మా పిల్లలకూ కావాలి.

3. అన్ని విభాగాలూ ఒకేచోట కూర్చునే క్లినిక్ పెట్టండి. హైదరాబాద్, వరంగల్, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి, కర్నూలు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో పిల్లల, చర్మ, పిల్లల సర్జరీ, కంటి, రేడియాలజీ డాక్టర్లు ఒక నిర్ణీత రోజున, నిర్ణీత గదిలో కలిసి చూడాలి. మొదట నెలకు రెండుసార్లు పెట్టినా మేలే. ఆ రోజు, ఆ గది నంబరు ప్రతి పీహెచ్‌సీ గోడ మీద రాయించండి. "నిపుణుల దగ్గరికి వెళ్ళండి" అని చీటీ రాసే ప్రతి డాక్టరుకూ ఏ నిపుణుడో, ఎక్కడో తెలియాలి.

4. ఫొటోతో సలహా ఇచ్చే ఏర్పాటు చేయండి. ఈ మచ్చల్లో చాలావాటిని చూసి పోల్చుకోవచ్చు. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో వైద్య సలహా ఇచ్చే ఈ-సంజీవని ఇప్పటికే పీహెచ్‌సీల్లో ఉంది. దాంట్లో ఈ జబ్బులు తెలిసిన డాక్టరుకు 48 గంటల్లో ఫొటో చేరి, జవాబు రావాలి. అవసరం లేని పిల్లలు ఊళ్ళోనే ఉండిపోతారు, అవసరమైన పిల్లలు ఆలస్యం లేకుండా బయల్దేరతారు. పెద్దాసుపత్రుల రద్దీ కూడా దీనివల్ల తగ్గుతుంది.

5. ప్రొప్రనొలాల్‌ను శిశువులకు ఇచ్చే ద్రవ రూపంలో జిల్లా ఆసుపత్రుల్లో ఉంచండి. మాకు మాత్ర పొడి చేసి, నీళ్ళలో కలిపి, సిరంజితో కొలిచి పోయమన్నారు. చదువు రాని తల్లికి ఆ కొలత ఎంత ప్రమాదమో మీరే ఊహించండి. ఇది గుండె వేగాన్ని, రక్తంలో చక్కెరను తగ్గించగల మందు. పాలు తాగాకే ఇవ్వాలి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులు, విరేచనాలు అవుతున్నా ఆ పూట ఆపి డాక్టరును అడగాలి. బిడ్డకు పిల్లికూతలుంటే డాక్టరుకు ముందే చెప్పాలి. మొదలుపెట్టే ముందు గుండె చూడాలి. ముఖం మీద పెద్ద మచ్చ ఉంటే మెదడు రక్తనాళాల స్కాన్ అవసరమేమో కూడా నిర్ణయించాలి. ఇవన్నీ తెలుగులో ఒక కరపత్రంగా మందుతో పాటు ఇవ్వండి.

6. రాజీవ్ ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ మచ్చల చికిత్సలన్నిటినీ స్పష్టమైన పేర్లతో, విడతల లెక్కతో రాయండి. లేజర్, స్క్లెరోథెరపీ, ఎంఆర్‌ఐ, సిరోలిమస్ అన్నీ అందులో ఉండాలి. ముఖం మీద పోర్ట్ వైన్ స్టెయిన్‌కు చేసే లేజర్‌ను అందం కోసం చేసేదిగా చూడవద్దు. ఒక్కో రాష్ట్రంలో కనీసం ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పల్స్‌డ్ డై లేజర్ యంత్రం, దాన్ని వాడటం తెలిసిన డాక్టరు, పిల్లలకు మత్తు ఇచ్చే సదుపాయం ఉండాలి. దూరం నుంచి వచ్చే కుటుంబానికి బస్సు పాసు ఇవ్వండి.

7. నుదుటి మీదా, పైరెప్ప మీదా పోర్ట్ వైన్ స్టెయిన్ ఉన్న ప్రతి బిడ్డకూ కంటి ఒత్తిడి పరీక్ష మొదటి నెలల్లోనే జరగాలి, తర్వాత ఏటా కొనసాగాలి. ఫిట్స్ వస్తే ఏం చేయాలో తల్లికి ముందే నేర్పాలి. ఎవరెవరికి ఈ పరీక్షలు బాకీ ఉన్నాయో జిల్లా సత్వర చికిత్స కేంద్రంలో రిజిస్టరు ఉండాలి.

8. అంగన్‌వాడీ, బడి టీచర్ల శిక్షణలో ఒక పూట కేటాయించండి. ఇది అంటుకోదని, పక్కన కూర్చోబెట్టడానికి భయం లేదని టీచరు మొదటి రోజే తరగతికి చెప్పాలి. మచ్చ ఉన్న పిల్లను గ్రూప్ ఫొటోలో చివర నిలబెట్టకూడదు. ఆడపిల్ల పదో తరగతి దాటగానే పెళ్ళి సంబంధాల మాట మొదలయ్యే ఇళ్ళలో ఈ పిల్లలు పడే బాధను వినడానికి జిల్లా ఆసుపత్రిలో ఒక కౌన్సెలర్ ఉండాలి.

పిల్లల డాక్టర్లకు, చర్మ డాక్టర్లకు విడిగా ఒక మాట. "అదే పోతుంది" అని మీరు అనేది మా భయం తగ్గించడానికేనని మాకు తెలుసు. చాలా హెమాంజియోమాలు నాలుగేళ్ళ వయసుకు తగ్గిపోతాయి కూడా. కానీ వైద్యం చేయని పిల్లల్లో సగానికి పైగా వదులైన చర్మమో, ఎర్ర గీతలో, కొవ్వు గడ్డలాంటి ఉబ్బో మిగిలిపోతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకని ఆ మాట చెప్పే ముందు చోటు చూడండి, వయసు చూడండి, రెండు వారాలకు మళ్ళీ రమ్మనండి. ఫొటో తీసి పెట్టుకోమని తల్లికి చెప్పండి. మీకు సందేహం ఉంటే "నాకు కొంచెం సందేహంగా ఉంది, ఫలానా చోట చూపించండి" అనండి. మేం మిమ్మల్ని తక్కువగా చూడం. ఆ ఫలానా చోటు ఎక్కడో తెలుసుకోవడానికి మీ సంఘాలు మీ సమావేశాల్లో ఒక గంట కేటాయించి, ఈ జబ్బులు చూసే డాక్టర్ల జాబితా జిల్లాలవారీగా తయారు చేసి బయటపెట్టాలని కోరుతున్నాం.

విదేశాల్లో ఈ పని చాలావరకు తల్లిదండ్రులే మొదలుపెట్టారు. అమెరికాలో 1994లో మొదలైన వాస్కులర్ బర్త్‌మార్క్స్ ఫౌండేషన్ అలాంటిదే. కూతురికి హెమాంజియోమా వచ్చిన ఒక తల్లి దాన్ని స్థాపించింది. అక్కడి తెలుగు కుటుంబాలు కొందరు ఆ నిపుణుల సలహా తీసుకుని మాకు ఫోన్‌లో చెప్పడం వల్లే మాలో ఇద్దరు ముగ్గురికి దారి దొరికింది. అమెరికాలో బంధువులున్న ఇంటికి దొరికే సమాచారం పాడేరు కొండ మీద పుట్టిన బిడ్డకు కూడా దొరకాలంటే అది ప్రభుత్వం ద్వారానే జరగాలి.

ఏటా మే 15ను రక్తనాళాల పుట్టుమచ్చల అవగాహన దినంగా జరుపుతారు. వచ్చే మే 15లోగా మా మొదటి రెండు కోరికల మీద రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వులు రావాలని కోరుతున్నాం. మిగిలినవాటికి ఏది ఎప్పటికి సాధ్యమో, ఏది సాధ్యం కాదో, ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పండి. సాధ్యం కానిదాన్ని కూడా వినడానికి సిద్ధంగా ఉన్నాం. ఈసారి మెసేజ్ కాకుండా, ఒక అధికారి సంతకంతో జవాబు ఇవ్వండి. చర్చకు పిలిస్తే పిల్లలను ఎత్తుకుని, వాళ్ళ కాగితాలన్నీ పట్టుకుని మేమే వస్తాం.

ఇట్లు,
రక్తనాళాల పుట్టుమచ్చలున్న పిల్లల తల్లిదండ్రుల తరఫున
ఒక తల్లి, ఖమ్మం జిల్లా